అంకె కలిసింది సరే, ఎందుకు కలిసినట్టు?

ఒంగోలు బైపాస్ పక్కన మా మేనమామకి లారీల షెడ్డు ఉంది. చీమకుర్తి క్వారీల నుంచి గెలాక్సీ గ్రానైట్ బండలు మోసే లారీలు ఎక్కువగా వస్తుంటాయి. "బండి లాగట్లేదన్నా, నల్లపొగ కొడతాంది" అని డ్రైవరు చెప్పడం పూర్తయ్యేలోపే మామయ్య గాలి పైపు క్లిప్పు వదులు చేసి, టర్బోలోకి (ఇంజను పొగతో తిరిగి ఇంజనుకి గాలి ఎక్కించే యంత్రం) రెండు వేళ్లు దూర్చి, ఫ్యాను మధ్యనున్న నట్టుని పట్టుకుని అటూ ఇటూ కదుపుతాడు. చూపు మాత్రం రోడ్డు మీదుంటుంది. "బుష్షులు పోయినయ్. పొగ వైపు ఫ్యాను హౌసింగుకి రాసుకుంటా ఉంటది, విప్పి చూడు" అని కుర్రాడికి చెప్పి చేతులు తుడుచుకుంటాడు. విప్పితే రెక్కల కొసలు ఒక పక్కన అరిగి, కొత్త బిళ్లలా మెరుస్తూ కనపడతాయి.

పోయిన సంక్రాంతికి ఆ షెడ్డులోనే స్టూలు మీద కూర్చుని టీ తాగుతుంటే అడిగాడు.

"ఏందమ్మాయ్, నువ్వూ కంప్యూటర్లో టర్బోలే చేస్తావంట గదా. సరిగ్గా వస్తదా?"

"వస్తది మామయ్యా. మొన్న చేసింది టెస్టుతో అర పాయింటు తేడాలో కలిసింది."

"విప్పకముందు చెప్పావా, విప్పినాక చెప్పావా?"

నవ్వేసి ఊరుకున్నాను. నేను చెప్పింది విప్పినాకే. అదైనా ఒక్క జవాబు కాదు. నాలుగు జవాబులు తయారుచేసి, టెస్టు అంకె వచ్చాక దానికి దగ్గరగా ఉన్నదాన్ని ఏరుకున్నాం. ఆ ఏరుకోవడానికి మా రిపోర్టులో పెట్టిన పేరు "టర్బులెన్స్ మోడల్ ఎంపిక". (టర్బులెన్స్ అంటే ప్రవాహంలోని సుడుల కల్లోలం. ఆ మోడల్ ఏంటో కాసేపట్లో చెబుతాను.) ఈ పని చేసేవాళ్లలో చాలామంది చేసేది ఇదే, నేనూ ఏళ్ల తరబడి చేశాను. ఇది తప్పని ఎందుకు అంటున్నానో కాస్త వివరంగా రాస్తాను.

మామయ్య చెప్పిన పొగ వైపు ఫ్యాను అనేది రేడియల్ టర్బైన్. జలవిద్యుత్ కేంద్రాల్లో ఉండే ఫ్రాన్సిస్ టర్బైనుకి బుల్లి తమ్ముడు. మన కృష్ణపట్నం పక్కన నేలటూరు థర్మల్ ప్లాంటులోని 800 మెగావాట్ల స్టీమ్ టర్బైన్లకి మాత్రం దూరపు చుట్టం. వాటిలో ఆవిరి ఇరుసు వెంబడే సాగిపోతుంది. దీంట్లో పొగ నత్తగుల్లలాంటి హౌసింగులో చుట్టూ తిరుగుతూ, చక్రం అంచు నుంచి లోపలికి దిగి, రెక్కల మధ్య 90 డిగ్రీలు మలుపు తిరిగి, ఇరుసు వెంబడి బయటికి పోతుంది. చక్రం వ్యాసం 70 మిల్లీమీటర్లు అనుకుందాం, అంటే అరచేతిలో పట్టేస్తుంది. నిమిషానికి లక్ష చుట్లు తిరిగితే దాని అంచు వేగం సెకనుకి 366 మీటర్లు. మామూలు గాలిలో ధ్వని కూడా అంత వేగంగా పోదు. రెక్క కొసకీ హౌసింగుకీ మధ్య సందు అర మిల్లీమీటరు లోపే. ఆ సందులోంచి జారిపోయే పొగ ఎటు పోతోంది, ఎన్ని సుడులు తిరుగుతోంది, ఎంత శక్తి వృథా చేస్తోంది అన్నది నా ఉద్యోగం.

అన్ని సుడుల్నీ ఒక్కటి కూడా వదలకుండా లెక్కేయొచ్చు కదా అనొచ్చు. ఈ చక్రంలో రెనాల్డ్స్ సంఖ్య (ప్రవాహం జోరుకీ జిగటకీ మధ్య నిష్పత్తి) సుమారు 2 లక్షలు. పెద్ద సుడి నుంచి అతి చిన్న సుడి వరకూ పట్టుకోవాలంటే, లెక్క కోసం ప్రవాహాన్ని ముక్కలు చేసే గళ్ల సంఖ్య రెనాల్డ్స్ సంఖ్యని రెండుంపావు ఘాతానికి హెచ్చిస్తే వచ్చేంత ఉంటుంది. చేసి చూడండి, దాదాపు 85 వేల కోట్లు వస్తుంది. ఒక్కో గడికీ పీడనం, ఉష్ణోగ్రత, మూడు దిక్కుల వేగం ఉంటాయి. చక్రం ఒక చుట్టు తిరిగేలోపు వీటన్నిటినీ వేలసార్లు లెక్కగట్టాలి. ఆఫీసులో నాకిచ్చే క్లస్టరు (కలిపి నడిపే కంప్యూటర్ల గుంపు) మీద వారానికి నాలుగైదు డిజైన్లు తేలాలి. కాబట్టి సగటు పట్టుకుంటాం.

ఈ సగటు దగ్గరే అసలు తంటా అంతా ఉంది. దీన్ని చెప్పడానికి పాఠ్యపుస్తకం కంటే మా బావ రొయ్యల గుంట నయం.

అక్కావాళ్లది కొత్తపట్నం వైపు. బావకి రెండు వనామీ గుంటలున్నాయి. పట్టుబడికి పది రోజుల ముందు నుంచీ విసురు వలేసి, పడినవాటిని తూకమేసి, లెక్కబెట్టి కౌంట్ చూస్తుంటాడు. 40 కౌంట్ అంటే కిలోకి 40 రొయ్యలు, సగటున ఒక్కోటి 25 గ్రాములు. అయితే ఆ 25 గ్రాముల సగటు ఎలా వచ్చింది? అన్నీ 25 గ్రాములే కావచ్చు. సగం 20, సగం 30 కావచ్చు. కౌంట్ చెబితే తేడా తెలీదు. ఇప్పుడు ఒక చిన్న లెక్క. 25 వర్గం 625. కానీ 20 వర్గం 400, 30 వర్గం 900, వాటి సగటు 650. అంటే సగటు వర్గం వేరు, వర్గాల సగటు వేరు. మధ్యలో ఒక 25 మిగిలిపోయింది. ఆ మిగులంతా రొయ్యల మధ్యనున్న తేడాల నుంచి వచ్చిందే, సగటులో అది ఎక్కడా కనపడదు.

గాలి సమీకరణాల్లో వేగాన్ని వేగంతో గుణించే పదం ఒకటుంది. 1895లో ఆస్బర్న్ రెనాల్డ్స్ ఆ సమీకరణాలకి సగటు తీస్తే సరిగ్గా ఇలాంటి మిగులే బయటపడింది. దాన్నే రెనాల్డ్స్ స్ట్రెస్ అంటాం. సగటు వేగాలు మాత్రమే తెలిసినవాడికి ఈ మిగులు ఎంతో తెలిసే దారి లేదు. దానికీ ఒక సమీకరణం రాద్దామని కూర్చుంటే, అందులో మూడు వేగాల గుణకారం వచ్చి ఇంకో మిగులు తేలుతుంది. దానికి రాస్తే ఇంకోటి. చివరికి ఎక్కడో ఒకచోట ఆగి, ఊహించి ఒక అంకె పెట్టాల్సిందే. టర్బులెన్స్ మోడల్ అంటే ఆ ఊహ. అంతకు మించి దానికి మహత్యమేమీ లేదు.

ఊహలకి పెద్ద చరిత్రే ఉంది. రెనాల్డ్స్ సగటు తీయకముందే, 1877లో బూసినెస్క్ ఒక మాట అన్నాడు. సుడులు చేసే పని ప్రవాహం జిగట పెరిగినట్టే ఉంటుంది కాబట్టి దాన్ని అదనపు జిగటగా లెక్కేద్దాం అని. (పాఠ్యపుస్తకాలు దీన్ని స్నిగ్ధత అంటాయి. ఆ మాట పరీక్షలో రాయడానికి తప్ప నేను నోటితో పలికిన గుర్తు లేదు.) ఆ సుడి జిగట ఎంత అన్నదానికి 1974లో లాండర్, స్పాల్డింగ్ ఖాయం చేసిన కె-ఎప్సిలాన్ మోడల్లో ఐదు స్థిరాంకాలున్నాయి: 0.09, 1.44, 1.92, 1.0, 1.3. ఎక్కడివీ అంకెలు? జాలీ దాటాక నెమ్మదిగా అణిగిపోయే గాలి, గోడ పక్కన తిన్నగా పారే ప్రవాహం, ఇలాంటి సాదాసీదా ప్రయోగాల నుంచి వచ్చినవి. లక్ష చుట్లు తిరిగే చక్రాన్ని చూసి ఎవరూ పెట్టలేదు.

1994లో నాసాలో పనిచేస్తున్న ఫ్లోరియన్ మెంటర్ షియర్ స్ట్రెస్ ట్రాన్స్‌పోర్ట్, పొట్టిగా ఎస్‌ఎస్‌టి మోడల్ ప్రకటించాడు. గోడ దగ్గర కె-ఒమేగా అనే ఇంకో మోడల్, గోడకి దూరంగా కె-ఎప్సిలాన్, రెండింటినీ కలిపే ఒక మెత్తటి అతుకు. దానికి తోడు, సుడులు మోసే ఒత్తిడి వాటి శక్తిలో 0.31 వంతు దాటకుండా ఒక కళ్లెం. ఇప్పుడు మా ఫీల్డులో ఎవరినడిగినా "ఎస్‌ఎస్‌టి పెట్టాం" అంటారు. ఎందుకు పెట్టావని అడిగితే, అందరూ పెడతారు కాబట్టి. ఆ కళ్లెం ప్రధానంగా విమానం రెక్కల మీద, పీడనానికి ఎదురీదుతూ అలసిపోయి గోడ వదిలేసే ప్రవాహం కోసం వేసింది. రేడియల్ టర్బైన్లో ప్రవాహం ఎక్కువ దారి పల్లానికి జారినట్టు వేగం పుంజుకుంటూ పోతుంది. అంటే ఆ మోడల్‌కి పేరు తెచ్చిన సమస్య మన ఇంట్లో ప్రధానమైంది కాదు. పనికిరాదనడం లేదు. రోజూ వాడేది నేనూ అదే. కానీ పొరుగింటి పేరు చూపించి మన ఇంట్లో గెలిచామనకూడదు.

ఇక నా కథకి వస్తాను. కంపెనీ పేరు చెప్పను, అప్పటి నా ఉద్యోగం అనుకోండి.

కొత్త చక్రం ఒకటి టెస్ట్ బెంచి మీదకి వెళ్లింది. మేం నాలుగు మోడళ్లతో లెక్కేసి పెట్టుకున్నాం: మామూలు కె-ఎప్సిలాన్, దాని సవరించిన రూపం ఒకటి, స్పాలార్ట్-ఆల్మరాస్ అనే ఇంకో మోడల్, ఎస్‌ఎస్‌టి. టెస్టు దక్షత వచ్చింది. (పొగ ఇవ్వగలిగిన శక్తిలో ఎంత శాతం పనిగా మారిందో అది. పాయింటంటే అందులో ఒక శాతం.) మూడు మోడళ్లు రెండు మూడు పాయింట్లు ఎక్కువ చూపించాయి. పాత కె-ఎప్సిలాన్, అదీ గోడ దగ్గర ముతక గళ్లతో వేసినది, అర పాయింటు తేడాతో సరిపోయింది. పెద్దసారు సంతోషించారు. "రేడియల్ టర్బైన్లకి కె-ఎప్సిలాన్ ఉత్తమం" అన్న వాక్యం రిపోర్టుకెక్కింది. ఆ వాక్యం రాసింది నేనే.

ఆర్నెల్ల తర్వాత అదే చక్రం, అదే హౌసింగు, బేరింగు మాత్రం మార్చారు. ఆయిల్ పొర మీద తిరిగే బుష్షుల బదులు బాల్ బేరింగు. టెస్టు దక్షత పైకి పోయింది. పొగ దారిలో ఒక్క గీత మారలేదు, సుడులు మారలేదు, నా కంప్యూటర్లో మారడానికేమీ లేదు. మారని లెక్కకీ మారిన కొలతకీ మధ్య తేడా వచ్చింది. ఇప్పుడు "ఉత్తమం" ఎస్‌ఎస్‌టి అయి కూర్చుంది!

ఏం జరిగిందంటే, టర్బోచార్జర్ బెంచి మీద టర్బైను శక్తిని నేరుగా కొలవరు. బయటికొచ్చే పొగ ఉష్ణోగ్రతని నమ్మలేం. అది సుడులు తిరుగుతూ, ఒక్కోచోట ఒక్కో వేడితో వస్తుంది, దార్లో హౌసింగు గోడల నుంచి వేడి పోగొట్టుకుంటుంది. అందుకని అవతల పక్క, అదే ఇరుసు మీద తిరుగుతూ ఇంజనుకి గాలి ఎక్కించే కంప్రెసరు ఎంత పని చేసిందో కొలిచి, అదే టర్బైను ఇచ్చిన పని అనుకుంటారు. మధ్యలో బేరింగు తినేసిన వాటా కూడా టర్బైను ఖాతాలోనే నష్టంగా పడుతుంది. పద్ధతి తప్పేం కాదు, అందరికీ తెలిసినదే, దాని పేరులోనే మెకానికల్ దక్షత కలిపి ఉంటుంది. తప్పు మాది. బేరింగు నష్టం కలిసిన అంకె పక్కన, బేరింగంటే ఏంటో తెలియని లెక్కని నిలబెట్టాం. కె-ఎప్సిలాన్ లేని నష్టాన్ని చూపిస్తే, ఆ లేని నష్టం బేరింగు నష్టంతో సమానమైంది. రెండు తప్పులు చేతులు కలిపితే దాన్ని మేం నిజం అనుకున్నాం. తర్వాత గోడ దగ్గర గళ్లు సన్నం చేసి అదే మోడల్ మళ్లీ నడిపితే, ఆ అర పాయింటు చుట్టరికం కూడా తెగిపోయింది.

అందుకే చెబుతున్నాను. టెస్టుతో కలవడం మోడల్‌కి సాక్ష్యం కాదు. ఏ తప్పులు ఎంతెంత, ఏవి ఏవాటితో కొట్టుకుపోయాయి అన్నది విడగొట్టి చూపించనంతవరకూ ఆ కలయిక ఒక సంఘటన మాత్రమే.

ఇంకొక మాయ ఉంది, దీని జోలికి ఎవరూ పోరు. "ప్రవాహ రాశి 1 శాతం లోపు కలిసింది, కాబట్టి మోడల్ సరైనదే" అని రాస్తుంటారు. ఒక చక్రం సెకనుకి ఎంత పొగ మింగుతుందన్నది చాలావరకు అది దూరే ఇరుకు ఎంత, ముందూ వెనకా పీడనం ఎంత అన్నదాన్ని బట్టే తేలిపోతుంది. తూము ఎంతుందో కొలిస్తే నీళ్లెంత పోతాయో చెప్పొచ్చు, నీళ్లలో సుడులెన్నో తెలియాల్సిన పని లేదు. మింగుడు ఏ మోడల్ పెట్టినా దాదాపు ఒకటే వస్తుంది. అందరూ ఫస్ట్ క్లాసులో పాసయ్యే పరీక్ష పెట్టి, మావాడు ఫస్ట్ క్లాసని చెప్పుకోవడమే అది.

మళ్లీ బావ గుంట దగ్గరికి. ఏరియేటర్లు అన్నీ ఒకే దిక్కుకి తోసేలా పెడతాడు. నీళ్లు గుంట చుట్టూ తిరుగుతుంటాయి. రెండు నెలలు పోయాక చూస్తే, మేత చెత్త, నల్లటి మడ్డి అంతా నడిమధ్యలో పేరుకుని ఉంటుంది. తిరిగే నీళ్లు చెత్తని అంచుకి విసరాలి కదా, మధ్యలోకి ఎందుకు చేరింది? టీ గ్లాసులో చెంచాతో తిప్పితే పొడి అడుగున మధ్యకి చేరినట్టే ఇదీను. ఈ టీ పొడి ముచ్చటని 1926లో ఐన్‌స్టీన్ వివరించాడు. తిరిగే నీళ్లలో అంచు దగ్గర పీడనం ఎక్కువ, మధ్యలో తక్కువ. పైనున్న నీళ్లకి వేగం ఉంది కాబట్టి ఆ తోపుని తట్టుకుంటాయి. అడుగున నేలకి రాసుకునే నీళ్లకి వేగం చచ్చిపోయి ఉంటుంది, తట్టుకోలేక లోపలికి జారతాయి, మడ్డిని మోసుకుపోతాయి.

టర్బైను చక్రంలో రెక్కల మధ్య, గోడల వెంబడి జరిగేదీ అదే కథ. గోడ పక్కన నీరసపడిన పొగ, పీడనం ఎటు తోస్తే అటు అడ్డంగా జారి, ఒక మూల పోగై సుడి కడుతుంది. ఈ అడ్డ ప్రవాహం పుట్టడానికి కారణం పీడనం. టర్బులెన్స్ మోడల్ కాస్త మొద్దుదైనా దీన్ని పట్టుకుంటుంది. తెర మీద ఎర్రగా పచ్చగా సుడి కనపడగానే "చూడండి, మోడల్ ఎంత బాగా పట్టుకుందో" అని మీటింగులో చప్పట్లు కొట్టించుకోవడం నేనూ చేసిన పనే. సుడి ఉందనడం వరకే దాని గొప్ప. ఆ సుడి ఎంత దూరం బతుకుతుంది, చచ్చేలోపు ఎంత శక్తి కాల్చేస్తుంది అన్న దగ్గర మోడళ్ల దారులు వేరవుతాయి, పాయింట్లు అక్కడే పోతాయి.

మోడళ్లు నిజంగా గుడ్డివయ్యే చోట్లు వేరే ఉన్నాయి. మూడే చెబుతాను, నన్ను ఎక్కువ ఏడిపించినవి.

చక్రంతో పాటు తిరుగుతూ చూస్తే, లోపలికి దిగే పొగ మీద కొరియాలిస్ బలం పక్కకి తోస్తుంటుంది. దాంతో రెక్క ఒక ముఖం మీద సుడులు రెచ్చిపోతాయి, ఎదుటి ముఖం మీద అణిగిపోతాయి. 1972లో జాన్‌స్టన్ బృందం తిరిగే కాలువలో నీళ్లు పోయించి దీన్ని కళ్లారా చూపించింది. కానీ కె-ఎప్సిలాన్‌లో సుడుల శక్తికి రాసే సమీకరణం తీసి చూడండి, కొరియాలిస్ పదం ఉండదు. దాచిపెట్టలేదు, గణితంలోనే కొట్టుకుపోతుంది. ఆ బలం శక్తిని పెంచదు, తగ్గించదు, ఒక దిక్కు నుంచి ఇంకో దిక్కుకి మళ్లిస్తుంది. దిక్కులు పట్టని మోడల్‌కి చక్రం తిరుగుతోందో, ఆగి ఉందో ఆ సమీకరణం వరకు తెలియదు. దీనికి స్పాలార్ట్, షుర్ 1997లో ఒక సవరణ ఇచ్చారు. 2009లో స్మిర్నోవ్, మెంటర్ దాన్ని ఎస్‌ఎస్‌టికి అతికించారు. చాలా సాఫ్ట్‌వేర్లలో అది ఒక టిక్కు పెట్టెగా ఉంటుంది. ఆ టిక్కు పెట్టావా అని నన్ను ఇంటర్వ్యూలో ఒక్కరు అడిగారు, ఒక్కరే.

రెండోది రెక్క ముక్కు. ఇంజను పీడనం ఎక్కువై చక్రం వేగం ఇంకా అందుకోనప్పుడు, అంటే డ్రైవరు ఘాటు రోడ్డులో యాక్సిలరేటరు తొక్కిన క్షణాన, పొగ రెక్క ముక్కుని అడ్డదిడ్డంగా గుద్దుకుంటుంది. గుద్దుకున్నచోట కె-ఎప్సిలాన్ లేని సుడుల శక్తిని బోలెడంత పుట్టిస్తుంది. దాని జాతి రోగమది, 1993లో కాటో, లాండర్ మందు రాశారు. ఆ దొంగ శక్తి వల్ల రెక్క మీద ప్రవాహం విడిపోవాల్సిన చోట విడిపోకుండా బుద్ధిగా అంటుకుని ఉన్నట్టు కనపడుతుంది. డిజైను పాయింటులో, అంటే అంచు వేగం పొగ ఆదర్శ వేగంలో 0.7 వంతు దగ్గరుండగా, ఇవన్నీ మర్యాదగా ఉంటాయి. లారీ అక్కడ ఎంతసేపుంటుంది? ఆరు సిలిండర్ల ఇంజను 1800 చుట్ల మీద సెకనుకి 90 సార్లు పొగ ఊదుతుంది. ఒక్కో ఊదుకీ చక్రం డిజైను పాయింటు దాటి అటూ ఇటూ పోయి వస్తుంటుంది. మేం మాత్రం నిలకడగా వచ్చే పొగకి లెక్కేసి, నిలకడగా వచ్చే పొగతో టెస్టు చేసి, కలిసిందంటాం.

మూడోది నాకు ఇష్టమైనది, మన దగ్గరిది. నెల్లూరులో ఇంటర్ చదివేటప్పుడు హాస్టల్ మేడ మీద నుంచి శ్రీహరికోట రాకెట్లు చూసేవాళ్లం. రాత్రి ప్రయోగమైతే నిప్పుకణిక పైకి పాకుతున్నట్టుండేది. 2002 నుంచి ఆ కేంద్రం పేరు సతీష్ ధావన్ స్పేస్ సెంటర్. ధావన్ అంటే ఇస్రో ఛైర్మన్ అనే తెలుసు అప్పట్లో. ఉద్యోగంలో చేరాక, సాఫ్ట్‌వేర్ మాన్యువల్లో ట్రాన్సిషన్ మోడల్ గురించి చదువుతూ వెనక్కి వెనక్కి పోతే 1958లో ధావన్, ఆయన శిష్యుడు రొద్దం నరసింహ కలిసి రాసిన పేపరు తగిలింది. గోడ పక్కన ప్రశాంతంగా పారే పొర ఒక్కసారిగా కల్లోలం కాదు, కొంతసేపు ప్రశాంతం, కొంతసేపు కల్లోలం, ఆ వంతు క్రమంగా ఎలా పెరుగుతుందో లెక్కగట్టి చూపించారు. ఇప్పటి ట్రాన్సిషన్ మోడళ్లలో గామా అని రాసేది ఆ వంతునే. మేడ మీద నిలబడి చూసిన కణిక ఎగిరిన చోటి పేరులో ఆ మనిషే ఉన్నాడని అప్పుడు తెలిసింది.

నరసింహ అక్కడితో ఆగలేదు. 1970లలో కె.ఆర్. శ్రీనివాసన్‌తో కలిసి తిరుగు ప్రయాణం మీద పనిచేశాడు. కల్లోలంగా ఉన్న పొర, వేగం గట్టిగా పుంజుకుంటే మళ్లీ ప్రశాంతమైపోతుంది. వేగం ఎంత చురుగ్గా పెరుగుతోందో చెప్పే ఒక సంఖ్య ఉంది. అది పది లక్షల్లో 3 వంతులు దాటితే గోడ పొర అణగడం మొదలవుతుంది. ఒక చిన్న నాజిల్‌కి కాగితం మీద వేసి చూశాను: 20 మిల్లీమీటర్ల దూరంలో వేగం 100 నుంచి 350 మీటర్లకి పెరిగితే, వేడి పొగ జిగటకి, ఆ సంఖ్య పది లక్షల్లో 12 దగ్గర వచ్చింది. గీతకి నాలుగింతలు! మేం రోజూ నడిపే మోడల్ మాత్రం ప్రవేశద్వారం నుంచి చివరిదాకా గోడ పొర అంతా కల్లోలమే అని ముందే ఒట్టేసుకుని కూర్చుంటుంది. నిజమైన ఇంజను పొగలో బయటి నుంచి వచ్చే సుడులు ఎక్కువ కాబట్టి బండిలో అంత తేడా పడకపోవచ్చు, బెంచి మీద శుభ్రమైన గాలితో చేస్తే పడొచ్చు. ఆ చర్చ జరగాలి. మా మీటింగుల్లో జరగదు, ఎందుకంటే అంకె కలిసింది కదా.

ఇక్కడ కుర్రాళ్లు ఒక మాట అంటారు. "అక్కా, ఈ సగటు గోల ఎందుకు, లార్జ్ ఎడ్డీ సిమ్యులేషన్ చేసేద్దాం." పెద్ద సుడుల్ని నేరుగా పట్టి, చిన్నవాటికి మాత్రమే మోడల్ పెట్టడమన్నమాట, పొట్టిగా ఎల్‌ఈఎస్. 1963లో స్మాగొరిన్‌స్కీ వాతావరణం కోసం మొదలుపెట్టిన దారి. మంచిదే. చేయగలిగినప్పుడు చేస్తాను, రెక్క కొస సందులో ఏం జరుగుతోందో అర్థం చేసుకోవడానికి దాన్ని మించింది లేదు. కానీ బేరింగు నష్టాన్ని మర్చిపోయినవాడికి ఎల్‌ఈఎస్ గుర్తుచేయదు. పోత పోసిన చక్రం గీసిన డ్రాయింగుకి ఎంత తేడాగా వచ్చిందో, వేడెక్కి తిరిగేటప్పుడు ఆ అర మిల్లీమీటరు సందు ఎంతకి కుంచించుకుపోయిందో అది చెప్పదు. సందు తప్పు పెట్టి సుడులు ఒప్పు చేయడానికి నెల రోజుల క్లస్టరు కాలం తగలేయడం నాకు మింగుడు పడదు. మొన్నామధ్య ఒక చక్రం విషయంలో మోడళ్ల మీద మూడు వారాలు కొట్టుకున్నాం. చివరికి ఒక మెషినింగ్ షాపు ఆయన వచ్చి సందు కొలిచి వేరే అంకె చెప్పాడు. గొడవ ఆ మధ్యాహ్నంతో సరి.

పై అధికారుల వాదన వేరు. "మాకు సిద్ధాంతం వద్దమ్మా, డిజైను ఏ కన్నా బీ మేలా చెప్పు చాలు." ఈ మాటలో న్యాయముంది. రెండు చక్రాలు పక్కపక్కన పెట్టి ఏది మేలంటే, ఒకే మోడల్, ఒకే గళ్లు, ఒకే షరతులతో నిలకడ ఎస్‌ఎస్‌టి చాలాసార్లు సరిగ్గానే చెబుతుంది, తప్పులు రెండు వైపులా సమానంగా పోతాయి కాబట్టి. దానికి ఒప్పుకుంటాను. కానీ ఆ ఏ బీ పందెం గెలిచిన మోడల్‌నే తీసుకుపోయి, "ఈ చక్రం దక్షత ఇంత" అని కస్టమరుకి రాసిచ్చేటప్పుడు అది వేరే పని, దానికి వేరే అర్హత కావాలి. బలాబలాలు చెప్పడం వేరు, తూకం చెప్పడం వేరు. గట్టు మీద నిలబడి ఈ గుంట రొయ్య ఆ గుంట రొయ్య కన్నా పెద్దదని నేనూ చెప్పగలను. కౌంట్ చెప్పమంటే బావని పిలవాలి.

మన వైపు బండలాగుడు పోటీలు చూసినవాళ్లకి ఇది తెలుసు. ఒంగోలు జోడీ కాడి కింద నిలబడి ఉండగానే "ఇన్ని అడుగులు లాగుతయ్" అని పదిమందిలో అన్నవాడి మాట మీద జనం ఇంకో ఏడు కూడా నమ్మకం పెడతారు. టేపు చుట్టేశాక "నేననుకున్నా" అనేవాళ్లు గట్టు నిండా ఉంటారు. వాళ్లకి టీ కూడా ఎవరూ ఇప్పించరు.

సంక్రాంతి నుంచి నేనొక అలవాటు పెట్టుకున్నాను. టెస్టుకి ముందు మా టీముకీ, బెంచి వాళ్లకీ ఒక మెయిల్ పంపుతాను. ఏ మోడల్, ఎందుకు. గోడ దగ్గర మొదటి గడి మందం ఎంత (ఎస్‌ఎస్‌టికి రెండు మూడు మైక్రాన్లు వస్తుంది, తల వెంట్రుకలో పాతికో వంతు). గళ్లు రెట్టింపు సన్నం చేస్తే అంకె ఎంత కదిలింది. సందు ఎంత అనుకున్నాం. బేరింగు ఎంత తింటుందని ఆయిల్ వాళ్లు చెప్పారు. ఆ తర్వాత అంకె, దానికి అటూ ఇటూ ఎంత తేడా వస్తే ఆశ్చర్యపోనో అది. మొదటి రెండుసార్లు తప్పాను. ఒకసారైతే అందరూ చూసేలా రెండున్నర పాయింట్లు తప్పాను, అటూ ఇటూ అని ఇచ్చిన గీత కూడా దాటేసింది. పెద్దసారు "ఎందుకమ్మా ఈ తద్దినం" అన్నారు. కానీ ఆ రెండున్నరా ఎక్కడి నుంచి వచ్చాయో వెతుక్కుంటూ పోతే, హౌసింగు నాలుక (నత్తగుల్ల చుట్టు మొదలయ్యే కొస) దగ్గర పోత గరుకుదనం మేం అనుకున్నదానికి చాలా ఎక్కువని తేలింది. నాలుగు జవాబులు జేబులో పెట్టుకుని వెళ్లుంటే, ఆ గరుకుకి కూడా ఏదో ఒక మోడల్ పేరు పెట్టి ఇంటికొచ్చేసేవాళ్లం.

మామయ్యకి ఫోన్లో ఈ మెయిల్ సంగతి చెప్పాను. "రెండుసార్లు తప్పావా? మంచిది, మూడోసారి వేళ్లకి తెలుస్తది" అన్నాడు. వెనక ఎవరో లారీ రైజ్ చేస్తున్నారు, టర్బో ఈల సన్నగా వినపడుతోంది. "ఇది బానే ఉంది మామయ్యా" అన్నాను తొందరపడి. "ఏడ బానే ఉంది? ఇంకో నెల" అన్నాడు.

వచ్చే సోమవారం కొత్త చక్రం బెంచి ఎక్కుతోంది. మెయిల్ నిన్న రాత్రే పంపేశాను. అదే సోమవారం బావ పెద్ద గుంట పట్టుబడి. ఆయన 38 కౌంట్ అంటున్నాడు. అక్క మాత్రం 42 లోపు రాదని గోడ మీద బొగ్గుతో రాసి పెట్టింది.